రేవతి ఆశయం ఎత్తుకుపోయిందెవరు?

మంగళవారం ఉదయం పదీ ఇరవైకి, ఇంటర్ సీఈసీ రెండో సంవత్సరం పాసైన కింతలి రేవతి జీవితాశయాన్ని ఎవరో ఎత్తుకుపోయారని బయటపడింది.

కనిపెట్టినవాడు భానోజీరావు. సారంగిపురం ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పద్నాలుగేళ్లుగా సివిక్స్ చెబుతున్నాడు. నెల రోజులుగా ఆ కాలేజీకి ఆశయ అధికారి కూడా. ఈ రెండో ఉద్యోగం అతను కోరుకున్నది కాదు. కంప్యూటర్ ఆన్ చేయడం స్టాఫ్‌రూమ్‌లో అతనొక్కడికే వచ్చని అందరూ ఏకగ్రీవంగా తేల్చారు.

తెర మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తున్నాయి. "ఈ ఆశయం ఇదివరకే ఆక్రమించబడినది."

భానోజీరావు మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. కంప్యూటర్ ఆపి, పది లెక్కపెట్టి, ఆన్ చేసి నొక్కాడు. అక్షరాలు ఇంకాస్త ఎర్రగా వచ్చినట్టు అనిపించింది.

"ఏటయింది సార్?" కౌంటర్ అవతల నిలబడిన రేవతి అడిగింది.

"ఏం లేదమ్మా. నీ ఆశయం వేరేవాళ్ల దగ్గరుంది."

"నాదా? ఎవుల దగ్గర?"

"పేరు చెప్పదు. గోప్యత."

"నాది నా దగ్గరే ఉంది కద సార్," అంది రేవతి, చాలా మామూలుగా.

"నీ దగ్గరుంటే సరిపోదు తల్లీ. పోర్టల్లో ఉండాలి."

ఈ సంగతి అర్థం కావాలంటే కిందటేడు జరిగిన ఘోరం తెలియాలి. ఇంటర్ పూర్తిచేసి వెళ్లే పిల్లలందరి చేతా రాష్ట్ర ఆశయ మండలి ఒక ఫారం నింపించింది. అందులో లక్షా పదకొండు వేలమంది "డాక్టరునై పేదలకు ఉచితంగా సేవ చేస్తాను" అని రాశారు. అక్షరం పొల్లుపోకుండా ఒకే వాక్యం. వాళ్లలో ముప్పై వేలమంది కామర్స్ పిల్లలు. మండలి నిర్ఘాంతపోయింది. పరీక్ష హాల్లో కాపీ కొడితే పట్టుకోవడానికి స్క్వాడ్ ఉంది. జీవితంలో కాపీ కొడితే పట్టుకునేదెవరు?

అందుకే ఉత్తర్వు వచ్చింది. ఒక జిల్లాలో ఒక ఆశయం ఒక్క విద్యార్థికే. ముందు నమోదు చేసుకున్నవారిదే ఆశయం. ఆశయ పత్రం లేనిదే టీసీ లేదు. టీసీ లేనిదే ఏ కాలేజీలోనూ సీటు లేదు. పత్రంలో ఏ ఆశయముంటే ఆ చదువులోనే చేరాలి.

పోర్టల్ తెరిచిన రోజున "డాక్టర్" నలభై సెకన్లలో అయిపోయింది. ఆ తర్వాత పిల్లలు మనిషి శరీరాన్ని పంచుకున్నారు. సారంగిపురం కాలేజీ వరకే తీసుకుంటే, పొన్నాడ కవలల్లో పెద్దవాడు కుడి మోకాలి డాక్టర్, చిన్నవాడు ఎడమ మోకాలి డాక్టర్. ఇద్దరూ కలిసి పని చేస్తే ఒక మనిషి నడవగలడు. కలెక్టరు కావాలనుకున్న ఒకమ్మాయికి సోమ, బుధవారాలు దొరికాయి. "ఏమీ కావాలని లేదు" అని రాసిన ఒక కుర్రాణ్ణి పోర్టల్ వెనక్కి పంపింది. ఏమీ కావాలని లేనివాడు పక్క మండలంలో ముందే ఒకడున్నాడు. చివరికి "ప్రస్తుతానికి ఏమీ కావాలని లేదు" అని రాస్తే ఒప్పుకుంది.

ఆశయంతో పోయిందా అంటే లేదు. వ్యక్తిత్వం కూడా ఎవరిది వారికే ఉండాలట. నలభై ఏళ్లుగా ఆ కాలేజీ ఇచ్చిన ప్రతి టీసీలోనూ ప్రవర్తన అన్న చోట "సంతృప్తికరం" అనే ఉండేది. కెమిస్ట్రీ ల్యాబు తలుపు విరగ్గొట్టినవాడూ సంతృప్తికరమే, ఆ తలుపు బాగుచేయించినవాడూ సంతృప్తికరమే. ఇప్పుడు నూట ఎనభై ఆరుగురికి నూట ఎనభై ఆరు వ్యక్తిత్వాలు భానోజీరావే రాయాల్సి వచ్చింది. "మంచివాడు" అన్నమాట జిల్లాలో ఎవరో వాడేసుకున్నారు. "అడిగితే చెబుతాడు, అడక్కపోతే ఇంకా ఎక్కువ చెబుతాడు" లాంటివి కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించి రాశాడు. రాస్తూ రాస్తూ, రెండేళ్లలో ఈ పిల్లల మొహాలు తనెప్పుడూ ఇంత సేపు చూడలేదని గ్రహించి కొంచెం సిగ్గుపడ్డాడు. రేవతికి "పెనం పొగలు కక్కుతున్నా కంగారు పడదు" అని రాశాడు. అది ఒక్కసారికే ఆమోదం పొందింది.

రేవతి వాళ్లమ్మ బస్టాండు పక్కన టిఫిన్ బండి నడుపుతుంది. రేవతికి బండి చాలదు. హోటల్ పెట్టాలి. పక్క జిల్లాలో హోటల్ వంట డిప్లొమా కాలేజీ ఉంది. అందులో సీటు కూడా వచ్చింది. శుక్రవారం సాయంత్రం అయిదు గంటల్లోగా టీసీ, ఆశయ పత్రం పంపాలి. పంపకపోతే సీటు తర్వాతి పేరుకి వెళ్తుంది.

భానోజీరావు రేవతి వైపు చూడకుండా కీబోర్డు తుడవడం మొదలుపెట్టాడు. ఎందుకంటే రేవతి మొదటి రోజే వచ్చింది. "నీ ఆశయం ఎవరూ ముట్టుకోరమ్మా, ఈ డాక్టర్ల గోల తేలనీ, నీది చివర్లో చేద్దాం" అని వెనక్కి పంపింది తనే.

* * *

ప్రిన్సిపాల్ అనసూయాదేవి అంతా విని, కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"భానోజీ గారూ, దీనికింత కంగారెందుకు? ఆశయం మార్చేస్తే పోలా?" అంటూ సొరుగులోంచి ఒక కాగితం తీసింది. "జిల్లాలో ఖాళీగా ఉన్న ఆశయాల జాబితా. పొద్దున్నే వచ్చింది. చదవండి, పిల్లకి నచ్చింది తీసుకుంటుంది."

భానోజీరావు చదివాడు. "ఒంటెల వైద్యం. మంచు మీద ఇళ్లు కట్టడం. గబ్బిలాల గణన. కుడిచేతి చిటికెనవేలి శస్త్రచికిత్స..."

"చూశారా, డాక్టర్ కూడా ఉంది!"

"నాకు చిటికెనవేలొద్దు మేడమ్," అంది రేవతి. "పెసరట్టు చాలు."

"పోనీ ఒంటె? ప్రభుత్వ ఉద్యోగం వస్తుందే!"

"మన జిల్లాలో ఒంటేది మేడమ్?"

"ఆశయానికీ జిల్లాకీ ఏం సంబంధమే?" అంది అనసూయాదేవి, నిజంగానే ఆశ్చర్యపోతూ. "మా రోజుల్లో ఇన్ని ఆశయాలే లేవు. పెద్దవాళ్లు ఏం రాయమంటే అది రాశాం. నేనూ డాక్టరనే రాశాను. చరిత్ర చెబుతున్నాను. నాకేమైంది?"

ఆమె మళ్లీ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

* * *

బయటికొచ్చాక భానోజీరావు పోర్టల్లో ఒక మూల దాక్కున్న బటన్ వెతికి పట్టుకున్నాడు. "ఆక్రమిత ఆశయ పాఠము వీక్షించుటకు." దాన్ని రాష్ట్రంలో అంతవరకూ ఎవరూ నొక్కినట్టు లేదు. చాలాసేపు తిరిగి తిరిగి తెరుచుకుంది. పేరు చూపించలేదు గానీ ఆశయం మొత్తం చూపించింది. రేవతి వంగి పైకి చదివింది.

"పెసరట్టు, ఇడ్లీ, వడ, పూరీ మరియు తత్సమానమైన సమస్త అల్పాహారములను వేడిగా తయారుచేసి వడ్డించు హోటలు నెలకొల్పుట. ఇందు అల్లం పచ్చడి, పెనమును ఉల్లిచెక్కతో రుద్దు పద్ధతి, మరియు భవిష్యత్తులో కనుగొనబడు టిఫినులు సైతం చేరియున్నవి."

ఆఫీసులో ఫ్యాను కిర్రుమంటూ తిరిగింది.

"ఇది మా వయసోళ్లు రాసింది కాదు సార్," అంది రేవతి.

"ఎలా చెబుతావు?"

"మేమైతే హోటల్ పెడతాను అంటాం. 'నెలకొల్పుట' అని ఎవులు రాస్తారు? ఇంకా పుట్టని టిఫిన్లు కూడా తనవేనంట! అంత దురాశ పిల్లలకుంటాదేటి? ఇది పెద్దోళ్ల పనే."

భానోజీరావు ఆ అమ్మాయి వంక కొత్తగా చూశాడు. సివిక్స్‌లో ఈ పిల్లకి అరవై రెండు మార్కులే ఎందుకేశాడో గుర్తు రాలేదు. తర్వాత తెర అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న తేదీ చూశాడు. వెన్ను నిటారుగా అయింది. పోర్టల్ తెరిచింది మే రెండో తారీఖున. ఈ ఆశయం నమోదైంది ఏప్రిల్ ఇరవై ఏడున.

తలుపు తెరవకముందే లోపల ఎవరో ఉన్నారు!

"ఫిర్యాదు పెడదాం," అన్నాడు. పెట్టాడు. ఫిర్యాదు రకం అన్న చోట "ఆశయ చోరీ" అని ఉంది. నొక్కాడు. కావాలనే ఆశయ పాఠం రాయకుండా, దాని నంబరూ తేదీ, రేవతి సీటుకి గడువు శుక్రవారం అయిదింటికనీ మాత్రమే రాశాడు.

జవాబు గంటలోపే వచ్చింది. ప్రభుత్వం నుంచి గంటలో జవాబు రావడం ఎంత అరుదంటే, ప్రిన్సిపాల్ దాన్ని ముందు దొంగ మెసేజ్ అనుకుని తీసేసింది. రెండోసారి వచ్చాక నమ్మింది. మండలి అదనపు సంచాలకులు చక్రధరం గారు శుక్రవారం మధ్యాహ్నం స్వయంగా విచారణకు వస్తున్నారు. ఆ ఉత్తర్వు రాసింది ఆయనే.

కింద ఒక నిబంధన ఉంది. ఆక్రమించినవాడు నేరం ఒప్పుకుని, వాంగ్మూలంపై సంతకం చేస్తే ఆశయం ఆ క్షణమే ఖాళీ అవుతుంది. ఒప్పుకోకపోతే విచారణ తొంభై రోజులు.

* * *

శుక్రవారం రెండున్నరకు చక్రధరం గారు దిగారు. యాభై దాటిన మనిషి. నూనె రాసి దువ్విన జుట్టు, మడత నలగని చొక్కా. ప్రిన్సిపాల్ గదిలో శాలువా కప్పించుకుని, ఆ శాలువా మడిచి పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నారు.

"రాష్ట్రంలో నమోదైన తొలి ఆశయ చోరీ ఇది. దీనిని మండలి తీవ్రముగా పరిగణించుచున్నది. విచారణ నిష్పాక్షికముగా ఉండవలెను గనుక, సదరు ఆక్రమిత ఆశయ పాఠమును నేను ఉద్దేశపూర్వకముగా చదవలేదు. అందలి విషయము నాకు తెలియదు. ఈ సంగతి నమోదు చేయండి."

భానోజీరావు నమోదు చేశాడు.

"ఫిర్యాదుదారు ఎవరు?"

"నేను సార్," అంది రేవతి.

"నీ ఆశయమేమి?"

"టిఫిన్ హోటల్ పెడతాను సార్."

చక్రధరం గారు ఒక్క క్షణం కాగితాల్లోకి చూశారు. "కుటుంబమున ఎవరైనా ఈ వృత్తిలో ఉన్నారా?"

"మా యమ్మది బండుంది సార్."

"అనగా ఇది అనుకరణ. ఇంటిలో చూసి కాపీ కొట్టిన ఆశయము. స్క్వాడుకు అప్పగించదగినది."

"మా యమ్మని చూసి కాపీ కొట్టకపోతే ఎవుల్ని చూసి కొట్టాల సార్?"

ప్రిన్సిపాల్ దగ్గింది. చక్రధరం గారు కలం మూత పెట్టారు. "సరే. నిబంధన పదకొండు ప్రకారం ఆశయ తీవ్రతా పరీక్ష నిర్వహింతుము. విఫలమైనచో ఫిర్యాదు కొట్టివేయబడును. ప్రశ్న ఒకటి. పెసరట్టుకు వాడు పెసలు పొట్టుతోనా, పొట్టు తీసినవా?"

"పొట్టుతోనే సార్."

"బియ్యము?"

"గుప్పెడు."

"గుప్పెడు అనునది ప్రామాణిక కొలమానము కాదు. ఎవరి గుప్పెడు?"

"మా యమ్మ గుప్పెడు సార్. నా గుప్పెడైతే రెండు."

"ఎంతసేపు నానబెట్టుదువు?"

"పొద్దున్న బండికైతే ముందు రోజు సాయంత్రమే పోసేస్తాం."

"తప్పు!" అన్నారు చక్రధరం గారు. బల్ల మీద కాగితాలు ఎగిరాయి. "పూర్తిగా తప్పు! పెసలు ఆరు గంటలు దాటి నానకూడదు. దాటితే వాసనొస్తుంది, అట్టు మెత్తబడిపోతుంది. తెల్లారుజామున లేచి పోయాలి. రుబ్బిన పిండి రుబ్బినట్టే వేసెయ్యాలి."

ఆయన మాటల్లోంచి గ్రాంథికపు "ఉచు"లూ "ఉము"లూ ఎక్కడికి పోయాయో భానోజీరావుకి అర్థం కాలేదు.

"తెల్లారుజామున లేస్తే నీళ్లెవులు మోస్తారు సార్?" అంది రేవతి, వెనక్కి తగ్గకుండా. "నానడం ఎక్కువైతే అల్లం ఎక్కువేస్తాం. తినేవోళ్లు ఇంకోటి అడుగుతున్నారు."

"అడుగుతారు, వేరే గతిలేదు కాబట్టి అడుగుతారు! పెనం ఎలా చూస్తావు?"

"నీళ్లు చిలకరిస్తే చుయ్యిమనాల."

"తర్వాత?"

"గుడ్డతో తుడుస్తాం."

"గుడ్డా!" చక్రధరం గారు కుర్చీలోంచి లేచారు. "గుడ్డేమిటమ్మా, గుడ్డ! ఉల్లిపాయ సగానికి కోసి, ఫోర్కుకి గుచ్చి, ఆ చెక్కతో ఇలా రుద్దాలి. ఇలా, లోపల్నించి బయటికి." ఆయన కుడిచెయ్యి ప్రిన్సిపాల్ గారి అద్దాల బల్ల మీద గుండ్రంగా తిరిగింది. రెండుసార్లు తిరిగి, ఆయనకి తనెక్కడున్నారో గుర్తొచ్చాక ఆగింది.

భానోజీరావు రాయడం మానేశాడు. ఉల్లిచెక్క. ఆ మాట అతను ఫిర్యాదులో రాయలేదు. అయినా పెసరట్టు వేసేవాళ్లు చాలామంది ఉల్లిచెక్క వాడతారు. దాంతో ఎవరినీ పట్టుకోలేం.

చక్రధరం గారు కూర్చున్నారు. చొక్కా సర్దుకున్నారు. "ఉచు"లు తిరిగి వచ్చాయి. "పరీక్షలో అభ్యర్థిని పాక్షికముగా విఫలమైనది. మధ్యేమార్గముగా, ఇడ్లీ, వడలు గాక వేరే కొత్త టిఫిను ఏదైనా కనిపెట్టి దానిని ఆశయముగా నమోదు చేసుకొనుమని సలహా ఇచ్చియుందుము. కానీ అదియు కుదరదు. భవిష్యత్తులో కనుగొనబడు టిఫినులు సైతం అందు చేరియున్నవి."

"అది మీకెలా తెలుసు సార్?" అంది రేవతి.

"ఏది?"

"ఇంకా పుట్టని టిఫిన్లు కూడా అందులో ఉన్నాయని. మీరు చదవలేదన్నారు. భానోజీ సార్ రాసుకున్నారు కూడా."

గోడ గడియారం మూడూ యాభై చూపిస్తోంది. ఒక బల్లి ట్యూబులైటు వెనక్కి వెళ్లిపోయింది. అనసూయాదేవి లేచి నిలబడి, మళ్లీ కూర్చుంది. ఏం చేయాలో తోచక చక్రధరం గారి వైపు మంచినీళ్ల గ్లాసు జరిపింది. ఆయన తాగలేదు.

"సార్," అన్నాడు భానోజీరావు నెమ్మదిగా. పద్నాలుగేళ్ల సర్వీసులో పైఅధికారి ముందు అతను ఇంత నెమ్మదిగా మాట్లాడిన సందర్భాలు బోలెడు. కానీ ఇంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. "ఏప్రిల్ ఇరవై ఏడున పోర్టల్ ఎవరి చేతిలో ఉంది సార్?"

చక్రధరం గారు గడియారం వైపు చూశారు. రేవతి వైపు చూశారు. ఆ అమ్మాయి ఏడవడం లేదు, బతిమాలడం లేదు. పెనం వేడెక్కే దాకా ఆగినట్టు ఆగి ఉంది.

"అయిదింటికి ఎంతసేపుంది?" అని అడిగారాయన.

"గంటా పది నిమిషాలు సార్," అన్నాడు భానోజీరావు.

"తొంభై రోజులు తీసుకునే అధికారం నాకుంది."

"ఉంది సార్."

"ఆ నిబంధన నేనే రాశాను."

"తెలుసు సార్."

ఆయన మడిచిపెట్టిన శాలువాని విప్పి, మళ్లీ మడిచారు. చివరికి అలవాటుగా కలం మూత తీశారు. "నిందితుడు లభ్యమైనందున వాంగ్మూలము నమోదు చేయవలెను. భానోజీరావు గారూ, రాయండి."

"ప్రశ్నలెవరు అడుగుతారు సార్?"

"విచారణాధికారి."

"జవాబులు?"

"నిందితుడు. వేరు వేరు కుర్చీలు ఉండవలెను. నిబంధన పద్నాలుగు."

అనసూయాదేవి తన కుర్చీ ఖాళీ చేసింది. చక్రధరం గారు అందులో కూర్చుని, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు తీక్షణంగా చూశారు.

"జిల్లా ఆశయ పట్టికలో సదరు ఆశయమును ఆక్రమించినది ఎవరు?"

లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఎదుటి కుర్చీలో కూర్చున్నారు.

"నేనే."

లేచారు. మళ్లీ చుట్టూ తిరిగి వెళ్లారు.

"ఏ కారణముచేత? సంక్షిప్తముగా చెప్పుము."

తిరిగొచ్చి కూర్చున్నారు. ఈసారి మళ్లీ లేవలేదు.

"సంక్షిప్తంగా చెప్పడం నాకు రాదు. రాసుకోండి. పోర్టల్ పనిచేస్తోందో లేదో చూడాలి, మీ సొంత జిల్లా పట్టికలో ఏదో ఒక ఆశయం కొట్టి చూడండి సార్ అన్నారు ఆఫీసులో. డాక్టరని కొడదామనుకున్నాను. చెయ్యి కదల్లేదు. నా ఇంటర్ అయిపోయిన రోజున మా సార్ ఒక్కొక్కణ్ణీ లేపి ఏమవుతావురా అని అడిగారు. నేను హోటల్ పెడతానన్నాను. క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వి, కూర్చోరా, నీకు ఆఫీసరని రాస్తాలే అన్నారు. రాసేశారు. అంతే, అయిపోయాను. ఇంక ఎవరూ అడగలేదు. ఏప్రిల్‌లో ఈ పోర్టల్ అడిగింది. ఉన్నది ఉన్నట్టు కొట్టాను. పచ్చ టిక్కు పడింది. 'మీ ఆశయం ఆమోదించబడినది' అని వచ్చింది. ఆ వాక్యం కూడా నేను రాసిందే, అయినా సరే, నాకు వచ్చింది. పరీక్ష అయిపోయింది, తీసేయండి సార్ అన్నారు. తీసేస్తానన్నాను, తీయలేదు. మర్నాడు భయమేసింది, ఎవరైనా వచ్చి అల్లం పచ్చడి పట్టుకుపోతారేమోనని. అదీ కలిపాను. ఉల్లిచెక్క కలిపాను. ఇంకా పుట్టని టిఫిన్లు కూడా కలిపాను. రిటైరయ్యాక చూద్దాం అనుకున్నాను. మా ఇంట్లో నన్ను పొయ్యి దగ్గరికే రానివ్వరు, అది కూడా రాయండి. కాదు, అది వద్దు. ఎక్కడ సంతకం పెట్టాలి? ఇక్కడేనా? అమ్మాయ్, సాయంత్రం పోసే పెసలు మాత్రం మానెయ్యి. ఈ ఆశయం ముప్పై నాలుగేళ్లుగా నా దగ్గరే పడుంది. ఒక్కసారి కూడా వాడలేదు. కొత్తదానిలాగే ఉంటుంది. ఆ పిల్లకిచ్చెయ్యండి."